బిలాస్‌పూర్ పురపాలక సంఘం నుంచి గవర్నర్ పీఠం దాకా: ఈడ్పుగంటి రాఘవేంద్రరావు ప్రజాజీవితం

బిలాస్‌పూర్: అర్పా నదీతీరాన విస్తరించిన బిలాస్‌పూర్ నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని ప్రధాన నగరాలలో ఒకటి. ఆగ్నేయ మధ్య రైల్వే మండలానికి కేంద్రస్థానం. రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం కొలువైన చోటు. జూనా బిలాస్‌పూర్, గోండ్‌పారా, కుదుదండ్ వంటి పేటల మీదుగా సాగే ఈ నగరంలో తెలుగు మాట వినిపించడం కొత్త విషయమేమీ కాదు. రైలుమార్గంతోపాటు ఉపాధి వెతుక్కుంటూ వచ్చిన తెలుగు కుటుంబాలు తరాలుగా ఇక్కడ స్థిరపడ్డాయి. అయితే ఈ నగర పాలనా చరిత్రలో అందరికంటె పెద్ద పేరు సంపాదించుకున్న తెలుగువాడి గురించి తెలుగు రాష్ట్రాలలో తెలిసినవారు తక్కువ. ఆయన బారిస్టర్ ఈడ్పుగంటి రాఘవేంద్రరావు. నగరంలో ఒక సభాభవనం, ఒక ప్రభుత్వ విజ్ఞాన కళాశాల ఆయన పేరును నేటికీ మోస్తున్నాయి.

పురపాలక సంఘ అధ్యక్షుడిగా ప్రజాజీవితం ఆరంభించి, జిల్లా కౌన్సిల్ అధ్యక్షుడిగా, శాసనమండలి సభ్యుడిగా, మంత్రిగా, తాత్కాలిక గవర్నర్‌గా, మధ్య పరగణాలు–బేరార్ తొలి ప్రధానిగా, చివరకు వైస్రాయ్ కార్యనిర్వాహక మండలి సభ్యుడిగా ఆయన ఎదిగారు. ఆ ఎదుగుదలకు ఆయన చెల్లించిన మూల్యం కూడా చిన్నది కాదు. ఒకప్పుడు న్యాయవాద వృత్తిని వదిలి జాతీయోద్యమంలో దిగిన వ్యక్తి, మరొకప్పుడు అదే ఉద్యమాన్ని అణచివేస్తున్న ప్రభుత్వంలో భాగస్వామిగా నిలిచారు. ఆ మలుపును అర్థం చేసుకోకుండా ఆయన జీవితాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

కామఠీ తెలుగు వాడ నుంచి

రాఘవేంద్రరావు 1889 ఆగస్టు 4న నాగపూర్ సమీపంలోని కామఠీలో జన్మించారు. తండ్రి నాగన్న వ్యాపారి. కామఠీలో తెలుగువారు ఉండటానికి చారిత్రక కారణం ఉంది. 1820ల తొలినాళ్లలో ఆంగ్లేయులు అక్కడ సైనిక శిబిరం నెలకొల్పినప్పుడు మద్రాసు సైన్యానికి చెందిన పటాలాలను దానిలో నిలిపారు. ఆ పటాలాలలో తెలుగు సిపాయిలు గణనీయంగా ఉండేవారు. సైన్యం వెంట సరుకులు సరఫరా చేసే వర్తకులు, గుత్తేదారులు, చేతివృత్తులవారు తరలివచ్చారు. అలా మరాఠీ, హిందీ భాషల నడుమ ఒక తెలుగు వాడ ఏర్పడింది. నాగపూర్ నుంచి తూర్పుగా రైలుమార్గం సాగినకొద్దీ ఆ కుటుంబాలలో కొన్ని ఛత్తీస్‌గఢ్ ప్రాంతానికీ చేరాయి. 1891 నాటికి బెంగాల్–నాగపూర్ రైల్వే ప్రధాన మార్గం పూర్తయ్యేసరికి బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలిగా మారింది. రాఘవేంద్రరావు కుటుంబం కూడా బిలాస్‌పూర్‌నే తన ఊరుగా చేసుకున్నది. ఆయన బాల్య విద్యాభ్యాసం ఈ పట్టణంలోనే సాగింది.

ఉన్నత విద్య అనంతరం ఆయన న్యాయశాస్త్రం అభ్యసించడానికి ఇంగ్లండ్ వెళ్లారు. 1914లో బారిస్టర్ పట్టాతో స్వదేశానికి తిరిగివచ్చి బిలాస్‌పూర్‌లో న్యాయవాద వృత్తి చేపట్టారు. విదేశీ పట్టా ఉన్న న్యాయవాదికి నాగపూర్, కలకత్తా, బొంబాయి వంటి పెద్ద నగరాలు సహజంగానే ద్వారాలు తెరిచేవి. ఆయన తాను పెరిగిన పట్టణాన్నే ఎంచుకున్నారు. ఆ నిర్ణయమే ఆయనను స్థానిక పాలన వైపు నడిపించింది.

పదకొండేళ్ల పురపాలన

బిలాస్‌పూర్ పురపాలక సంఘం 1867లో ఏర్పడింది. తొలి దశాబ్దాలలో దేశంలోని తక్కిన చిన్న పట్టణాల సంఘాల వలెనే అది ప్రభుత్వాధికారుల నీడలో నడిచింది. స్థానిక సంస్థలకు ఎన్నికైన ప్రతినిధులు, అధికారేతర అధ్యక్షులు ఉండాలని 1882లో వైస్రాయ్ లార్డ్ రిప్పన్ చేసిన తీర్మానం కాగితం మీద గొప్పదే. కాని ఆచరణలో జిల్లా డిప్యూటీ కమిషనర్ మాటే చాలాకాలం చెల్లుబాటయింది. ఆ పరిస్థితులలో 1916లో, ఇరవై ఏడేళ్ల వయసుకు అటూఇటూగా ఉన్న రాఘవేంద్రరావు పురపాలక సంఘ అధ్యక్ష పదవిని చేపట్టారు. 1927 వరకు ఆ బాధ్యతలో కొనసాగారు. జిల్లా కౌన్సిల్ అధ్యక్ష పదవిలోనూ కొన్నేళ్లపాటు పనిచేశారు.

ఆనాటి పురపాలక అధ్యక్షుడి పని ఎటువంటిదో నేటి పాఠకుడు ఊహించుకోవలసిందే. మధ్య పరగణాలలో పురపాలక సంఘాలకు ప్రధాన ఆదాయ వనరు పట్టణంలోకి వచ్చే సరుకులపై విధించే ఆక్ట్రాయ్ సుంకం. పంట బాగుండి బజారు కళకళలాడితే ఖజానా నిండుతుంది. వానలు మొహం చాటేస్తే ధాన్యం బండ్లు తగ్గుతాయి, సుంకమూ తగ్గుతుంది. సరిగ్గా ఆ కరవుకాలంలోనే పట్టణానికి ఖర్చు పెరుగుతుంది. వీధిదీపాలు, మురుగు కాలువలు, తాగునీరు, పారిశుద్ధ్యం, మశూచి టీకాలు, ప్రాథమిక పాఠశాలలు, సంతల నిర్వహణ అన్నీ సంఘం నెత్తినే ఉండేవి. ఏ కొత్త పన్ను వేయాలన్నా, ఏ పెద్ద పని తలపెట్టాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. పన్ను చెల్లించే వర్తకుడు, ఓటువేసే ఇంటి యజమాని, అనుమతి ఇచ్చే అధికారి ముగ్గురినీ ఒప్పించగలిగినవాడే అధ్యక్ష పీఠంపై నిలదొక్కుకోగలిగేవాడు.

ఆయన పదవీకాలం తొలి సంవత్సరాలే కఠిన పరీక్షలు తెచ్చాయి. 1918లో వానలు విఫలమయ్యాయి. అదే ఏడాది శరదృతువులో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి దేశాన్ని కబళించింది. బ్రిటిష్ ఇండియాలో అత్యధిక మరణాల రేటు నమోదైన ప్రాంతాలలో మధ్య పరగణాలు ఒకటి. యుద్ధకాలపు ధరల పెరుగుదల, ఆహార ధాన్యాల కొరత, చేతికందని వైద్యం ఒకేసారి మీద పడినప్పుడు ప్రజలకు అతి దగ్గరగా కనిపించే ప్రభుత్వం పురపాలక సంఘమే.

జిల్లా కౌన్సిల్ పని మరింత విస్తారమైనది. నాటి బిలాస్‌పూర్ జిల్లా అతి పెద్దది. నేటి జాంజ్‌గీర్–చాంపా, కోర్బా, ముంగేలీ జిల్లాల భూభాగాలెన్నో దాని అంతర్భాగాలు. గ్రామీణ పాఠశాలలు, ఔషధాలయాలు, బావులు, చెరువులు, బండిబాటలు, బందెలదొడ్లు జిల్లా కౌన్సిల్ పరిధిలోనివి. భూమిశిస్తుపై విధించే సెస్సు నుంచే వాటికి నిధులు రావాలి. పట్టణ అవసరాలు, పల్లె అవసరాలు రెండూ ఒకే మనిషి దృష్టిలో ఉండటం అరుదైన అనుభవం. తరువాతి కాలంలో శాసనమండలిలోనూ, ప్రభుత్వంలోనూ రాఘవేంద్రరావుకు గుర్తింపు తెచ్చిన పాలనాదక్షతకు పునాది ఈ సంవత్సరాలలోనే పడింది.

మోతీలాల్ నెహ్రూ కుమారుడు జవహర్‌లాల్ అలహాబాద్‌లో, వల్లభ్‌భాయ్ పటేల్ అహ్మదాబాద్‌లో, రాజేంద్రప్రసాద్ పాట్నాలో, చిత్తరంజన్ దాస్ కలకత్తాలో పురపాలక పీఠాలను అధిష్ఠించినది 1923, 1924 సంవత్సరాలలో. జాతీయోద్యమ నాయకులు పురపాలనను స్వరాజ్యానికి పాఠశాలగా భావించిన కాలమది. బిలాస్‌పూర్ వంటి చిన్న పట్టణంలో ఆ పాఠం అప్పటికే ఏడెనిమిదేళ్లుగా సాగుతున్నది.

ఉద్యమంలో అడుగు

పురపాలక బాధ్యతలతోపాటే ఆయన జాతీయ రాజకీయాలలో ప్రవేశించారు. హోంరూల్ ఉద్యమకాలం నుంచే బిలాస్‌పూర్‌లో రాజకీయ చైతన్యానికి దారులు వేసినవారిలో ఆయన, ఠాకూర్ ఛేదీలాల్ ముఖ్యులు. 1920 డిసెంబర్‌లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహాయ నిరాకరణ కార్యక్రమాన్ని ఆమోదించడంతో ఛత్తీస్‌గఢ్‌లో కొత్త ఉత్తేజం పొంగింది. న్యాయస్థానాలను బహిష్కరించాలన్న పిలుపునకు స్పందించి రాఘవేంద్రరావు తన వృత్తిని విడిచిపెట్టారు.

1921లో బిలాస్‌పూర్‌లో ఉద్యమం వేడెక్కింది. ఆ ఏడాది మార్చిలో శనిచరి బజారులో చేసిన ప్రసంగానికి ప్రముఖ హిందీ కవి, సంపాదకుడు మాఖన్‌లాల్ చతుర్వేది అరెస్టయి, బిలాస్‌పూర్ కారాగారంలో శిక్ష అనుభవించారు. ఆ వాతావరణంలో పట్టణ పురపాలక అధ్యక్షుడు ఉద్యమ పక్షాన నిలవడం చిన్న విషయం కాదు. ప్రభుత్వ అనుమతులపై ఆధారపడిన సంస్థను నడుపుతూ అదే ప్రభుత్వాన్ని ధిక్కరించడం కత్తిమీద సామే.

1922లో సహాయ నిరాకరణ నిలిచిపోయిన తరువాత కాంగ్రెస్‌లో రెండు మార్గాలు ఏర్పడ్డాయి. శాసనసభలలో ప్రవేశించి లోపలి నుంచే ప్రభుత్వాన్ని స్తంభింపజేయాలని చిత్తరంజన్ దాస్, మోతీలాల్ నెహ్రూ స్వరాజ్య పార్టీని స్థాపించారు. రాఘవేంద్రరావు ఆ పక్షాన చేరి 1923 ఎన్నికలలో మధ్య పరగణాల శాసనమండలిలో ప్రవేశించారు. దేశంలో స్వరాజ్య పార్టీకి తిరుగులేని ఆధిక్యం దక్కిన మండలి అదే. మంత్రుల జీతాన్ని ఏడాదికి రెండు రూపాయలకు కుదిస్తూ 1924లో ఆ మండలి తీసుకున్న నిర్ణయం దేశమంతటా సంచలనం కలిగించింది. 1919 చట్టం తెచ్చిన ద్వంద్వ పాలన అక్కడ కుప్పకూలింది. మంత్రులు లేకుండాపోవడంతో గవర్నరే ఆ శాఖలను స్వయంగా నడపవలసివచ్చింది.

తిరిగిన దారి

విజయం వెనుకనే చిక్కుముడి ఎదురైంది. మంత్రులకు అప్పగించిన శాఖలు విద్య, ప్రజారోగ్యం, వ్యవసాయం, స్థానిక స్వపరిపాలన. ఆ శాఖలు స్తంభిస్తే ప్రభుత్వానికి కలిగే ఇబ్బంది కంటె పాఠశాలలకు, ఆస్పత్రులకు, పురపాలక సంఘాలకు కలిగే ఇబ్బందే ఎక్కువని వాదించేవారు స్వరాజ్య పార్టీలోనే బయలుదేరారు. 1925 అక్టోబర్‌లో ఆ పార్టీకే చెందిన శ్రీపాద బల్వంత్ తాంబే గవర్నర్ కార్యనిర్వాహక మండలిలో పదవి స్వీకరించడంతో చీలిక బహిరంగమైంది. ప్రభుత్వం మంచి చేస్తే సహకరించాలి, చెడు చేస్తే ప్రతిఘటించాలి అన్న ప్రతిసహకార వాదాన్ని మహారాష్ట్ర, బేరార్ నాయకులు ముందుకు తెచ్చారు. రాఘవేంద్రరావు ఆ వైపే మొగ్గారు.

1926 ఎన్నికల అనంతరం శాసనమండలి స్వరూపం మారింది. 1927 జనవరిలో బేరార్ నాయకుడు రామరావు దేశ్‌ముఖ్‌తోపాటు రాఘవేంద్రరావు మంత్రిగా ప్రమాణం చేశారు. మూడేళ్ల కిందట మంత్రి పదవులనే నిరర్థకం చేసిన పక్షంలోని వ్యక్తి అవే పదవులలో ఒకదానిని స్వీకరించడం సహచరులలో చాలామందికి మింగుడుపడలేదు. పదకొండేళ్లు ఆక్ట్రాయ్ లెక్కలతో, ఉపాధ్యాయుల జీతాలతో, మురుగు కాలువలతో కాలం గడిపిన మనిషికి చేతిలో శాఖ, నిధి లేకుండా ప్రజలకు ఏమీ చేయలేమన్న భావం కలగడంలో ఆశ్చర్యం లేదు. అదే సమయంలో విదేశీ పాలకుడు ఇచ్చిన పీఠంపై కూర్చున్నవాడు తెలిసో తెలియకో ఆ పాలనకు గౌరవం కల్పిస్తాడన్న విమర్శలోనూ బలం ఉన్నది.

ఆ విమర్శకు 1930 మరింత పదును పెట్టింది. ఆ సంవత్సరం రాఘవేంద్రరావు గవర్నర్ కార్యనిర్వాహక మండలి సభ్యులయ్యారు. అదే సంవత్సరం ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైంది. సముద్రం లేని మధ్య పరగణాలలో అది అటవీ సత్యాగ్రహంగా రూపుదిద్దుకున్నది. అడవిలో గడ్డి కోసినందుకు, కట్టెలు కొట్టినందుకు రైతులు, గిరిజనులు జైళ్లకు వెళ్లారు. రాయపూర్ జిల్లా కౌన్సిల్‌ను నడిపిన రవిశంకర్ శుక్లా కూడా జైలుపాలయ్యారు. ఇద్దరూ న్యాయవాదులే. ఇద్దరూ ఛత్తీస్‌గఢ్ స్థానిక సంస్థల నుంచి ఎదిగినవారే. ఒకరు కారాగారంలో, మరొకరు సచివాలయంలో ఉన్నారు. ఆ దృశ్యం ప్రజల మనసుల్లో ముద్ర వేసుకున్నది. 1938లో అదే శుక్లా ప్రాంతీయ ప్రధాని కావడం, స్వాతంత్ర్యానంతరం ముఖ్యమంత్రిగా కొనసాగడం ఆ ముద్రకు తార్కికమైన ఫలితం.

తాత్కాలిక గవర్నర్, వందరోజుల ప్రధాని

1936లో గవర్నర్ సర్ హైడ్ గోవన్ సెలవుపై వెళ్లినప్పుడు రాఘవేంద్రరావు కొన్ని నెలలపాటు తాత్కాలిక గవర్నర్‌గా వ్యవహరించారు. ఒక భారతీయుడు ప్రాంతీయ గవర్నర్ స్థానంలో కూర్చోవడం ఆనాడు అరుదు. విశేషమేమంటే సరిగ్గా అదే సంవత్సరం మద్రాసు ప్రెసిడెన్సీలో లార్డ్ ఎర్‌స్కిన్ స్థానంలో తాత్కాలిక గవర్నర్‌గా పనిచేసినవారూ తెలుగువారే. ఆయన ఏలూరులో న్యాయవాదిగా పేరు తెచ్చుకున్న కూర్మా వెంకటరెడ్డి నాయుడు.

ఈ ఇద్దరి జీవితాలు మరుసటి ఏడాది మరోసారి ఒకే పోలికలో నడిచాయి. 1935 చట్టం ప్రకారం 1937 ఆరంభంలో ఎన్నికలు జరిగాయి. మధ్య పరగణాలు–బేరార్ శాసనసభలోని 112 స్థానాలలో కాంగ్రెస్ 70 గెలుచుకున్నది. అయితే గవర్నర్లు తమ ప్రత్యేకాధికారాలను వినియోగించబోమని హామీ ఇచ్చేవరకు పదవులు స్వీకరించబోమని కాంగ్రెస్ ప్రకటించింది. 1937 ఏప్రిల్ 1న ప్రాంతీయ స్వయంపాలన అమలులోకి రావలసి ఉన్నందున కాంగ్రెస్ ఆధిక్యం గల ఆరు ప్రాంతాలలో గవర్నర్లు అల్పసంఖ్యాక మంత్రివర్గాలను నియమించారు. మద్రాసులో వెంకటరెడ్డి నాయుడు, ఒరిస్సాలో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్, మధ్య పరగణాలలో రాఘవేంద్రరావు ప్రధానులయ్యారు.

శాసనసభ బలం లేని మంత్రివర్గమది. సభను సమావేశపరిస్తే ఒక్కరోజైనా నిలవదు. జులై నాటికి కాంగ్రెస్ తన నిర్ణయం మార్చుకుని పదవీ స్వీకారానికి అంగీకరించడంతో రాఘవేంద్రరావు తప్పుకున్నారు. డాక్టర్ నారాయణ్ భాస్కర్ ఖరే ప్రధాని అయ్యారు. అలా మధ్య పరగణాలు–బేరార్ తొలి ప్రధాని అన్న గౌరవం రాఘవేంద్రరావుకు దక్కింది. ప్రజల తీర్పు లేని పదవి అన్న అపవాదూ దానితోపాటే దక్కింది.

యుద్ధకాలపు బాధ్యత

1939లో ఆయన లండన్‌లో భారత వ్యవహారాల కార్యదర్శికి సలహాదారుగా నియమితులయ్యారు. 1941 జులైలో వైస్రాయ్ లార్డ్ లిన్‌లిత్‌గో తన కార్యనిర్వాహక మండలిని విస్తరించారు. ఆ మండలిలో భారతీయుల సంఖ్య మొదటిసారి ఆంగ్లేయుల సంఖ్యను మించింది. అక్బర్ హైదరీ, మాధవ శ్రీహరి అణే, నళినీ రంజన్ సర్కార్, ఫిరోజ్ ఖాన్ నూన్ తదితరులతోపాటు రాఘవేంద్రరావుకూ స్థానం లభించింది. ఆయనకు అప్పగించినది కొత్త శాఖ, పౌర రక్షణ.

ఆ శాఖ స్వభావం చూస్తే ఆయన జీవితం ఒక చుట్టు తిరిగి మొదలైన చోటికే చేరిందనిపిస్తుంది. వైమానిక దాడుల నుంచి ప్రజలను కాపాడటమంటే వీధివీధినా కాపలాదారులు, అగ్నిమాపక దళాలు, ఆశ్రయ కందకాలు, దీపాలార్పే నిబంధనలు, నీటి నిల్వలు, గాయపడినవారిని తరలించే ఏర్పాట్లు. పట్టణ పాలన మొత్తం యుద్ధపు వెలుగులో మళ్లీ ముందుకు వచ్చినట్టే. 1941 డిసెంబర్‌లో జపాన్ యుద్ధంలోకి దిగింది. ఆ నెలలోనే రంగూన్‌పై బాంబులు పడ్డాయి. బర్మాలో శ్రమించి బతుకుతున్న వేలాది తెలుగువారు ప్రాణాలు అరచేత పట్టుకుని స్వదేశం బాట పట్టారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. తీరపట్టణాల జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. మద్రాసు నగరం సగానికి సగం ఖాళీ అయింది. తెలుగు తీరం భయంతో వణికిన ఆ రోజులలో దేశ పౌర రక్షణ బాధ్యత ఒక తెలుగువాడి చేతిలో ఉన్నదన్న విషయం నేడు దాదాపుగా మరుగున పడింది.

ఆ బాధ్యతలో ఉండగానే 1942 జూన్ 15న ఢిల్లీలో రాఘవేంద్రరావు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు కూడా నిండలేదు. అదే సంవత్సరం వెంకటరెడ్డి నాయుడు కూడా మరణించారు. మరో రెండు నెలలలోపే క్విట్ ఇండియా తీర్మానంతో దేశం చివరి సమరంలోకి అడుగుపెట్టింది. తనకు తెలిసిన మార్గంలో పాలనా పదవులనే స్వరాజ్యానికి మెట్లుగా భావించిన తరం అలా తెరమరుగైంది.

మిగిలిన ముద్ర

చరిత్రకు రాఘవేంద్రరావు మీద రెండు ఫిర్యాదులున్నాయి. ఉద్యమం కష్టాల్లో ఉన్నప్పుడు ఆయన ప్రభుత్వ పక్షాన ఉన్నారన్నది మొదటిది. దానిని తోసిపుచ్చలేము. 1930లో జైలుకు వెళ్లిన రైతు త్యాగాన్నీ, అదే ఏడాది స్వీకరించిన పదవినీ ఒకే త్రాసులో తూచలేము. తెలుగువారికి, ఛత్తీస్‌గఢ్‌వారికి, మహారాష్ట్రులకు కూడా ఆయన పూర్తిగా తమవాడు కాలేదన్నది రెండవది. పుట్టిన ఊరు మరాఠీ నేల, మాతృభాష తెలుగు, పనిచేసిన నేల ఛత్తీస్‌గఢ్. భాషాప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడిన తరువాత ఏ రాష్ట్ర పాఠ్యపుస్తకమూ ఆయనను సొంతం చేసుకోవడానికి తొందరపడలేదు.

బిలాస్‌పూర్ మాత్రం ఆయనను గుర్తుంచుకున్నది. నగర సభలకు, సాహిత్య సమావేశాలకు వేదికగా నిలిచే భవనానికీ, వేలాది విద్యార్థులు చదువుకున్న విజ్ఞాన కళాశాలకూ ఆయన పేరు పెట్టుకున్నది. గవర్నర్ పీఠం, ప్రధాని పదవి, వైస్రాయ్ మండలి సభ్యత్వం ఎక్కడో నాగపూర్‌లో, లండన్‌లో, ఢిల్లీలో గడిచిపోయిన విషయాలు. వాటిలో ఏదీ మూడు నాలుగేళ్లకు మించి ఒకే రూపంలో నిలవలేదు. పదకొండేళ్లు ఆయనను వదలని పదవి ఒక్క పురపాలక అధ్యక్ష పదవే. పెద్ద పదవుల విషయంలో ఆయనతో విభేదించిన ఊరు కూడా, తన కాలువలు, దీపాలు, పాఠశాలల లెక్క చూసిన మనిషిగా ఆయనను మరచిపోలేదు.

1981లో బిలాస్‌పూర్ పురపాలక సంఘం నగరపాలక సంస్థగా మారింది. ఆక్ట్రాయ్ పోయింది, నియమాలు మారాయి, ఓటుహక్కు అందరిదైంది. అయినా వార్డు సభ్యుడి ఇంటి ముందు నీటికోసం, దీపంకోసం నిలబడే పౌరుడి అవసరం మారలేదు. రాఘవేంద్రరావు పేరిట నిలిచిన సభాభవనంలో నేడు జరిగే సమావేశాలలోనూ తరచుగా వినిపించేవి ఆ అవసరాలే.